దానికి చిన్నది చాల్లెద్దూ!

మొన్నో ఆదివారం మా ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. ముగ్గురు మొగవాళ్ళు, నలుగురు ఆడవాళ్ళు, రెండు పళ్ళేల పకోడీలు. వ్యాజ్యం ఏమిటంటే, మా ఆడపడుచు కూతురు కంప్యూటర్లో బొమ్మలు వెయ్యటం నేర్చుకుంటానంది. అందుకో డ్రాయింగ్ ట్యాబ్లెట్ కావాలి. ఎంత సైజుది కొనాలి?

"ట్యాబ్లెట్టా? ఏం జబ్బే తల్లీ దానికి?" అని కంగారుపడ్డారు మా అత్తగారు.

జబ్బూ కాదు, మాత్రా కాదు. అదో పలకలాంటి వస్తువు. ప్రత్యేకమైన పెన్నుతో దాని మీద గీస్తే పలక మీద ఏమీ కనిపించదు. గీత కంప్యూటరు తెర మీద పడుతుంది. చెయ్యి ఇక్కడ, చూపు అక్కడ. ఇదంతా నేను వివరంగా చెప్పుకొస్తూంటే ఆవిడ విని, "అయితే మన గుమ్మంలో కూచుని ముగ్గేస్తే పక్కవాళ్ళ గుమ్మంలో పడుతుందన్నమాట" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ వస్తువుని గురించి ఇంత చక్కటి వివరణ నేనింతవరకూ ఎక్కడా చదవలేదు!

మా మరిది గొంతు సవరించుకున్నాడు. "ఈ విషయం నన్నడుగు వదినా. మావాడికి కొన్నాను గదా. కొంటే పెద్దదే కొనాలి. అందులో లోభం పనికిరాదు."

కొన్న మాట వాస్తవమే. పెద్ద సైజుది, అట్టపెట్టె చూస్తే అందులో హార్మోనియం వుందేమో అనిపించేంతది కొన్నాడు. మూడు వారాలపాటు వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. ఇప్పుడది అటక మీద, బొమ్మలకొలువు మెట్ల పక్కన వుంది.

"అయితే ఈ పిల్లకీ అలాంటిదే కొందామా?" అన్నాను.

"దీనికెందుకు వదినా అంతది! ఇప్పుడిప్పుడే నేర్చుకునే పిల్ల. దానికి చిన్నది చాల్లెద్దూ!"

మా ఆడపడుచు, అంటే సాక్షాత్తూ ఆ పిల్లని కన్నతల్లి, తల వూపింది. వాళ్ళాయన వూపాడు. మావారు పేపరు వెనకాల నుంచి వూపారు. ఇంతమంది వూపినా నాకంత బాధ కలగలేదు గానీ, ఆఖర్న ఆ పిల్ల కూడా తల వూపింది. "అవునత్తయ్యా, నాకు చిన్నది చాలు" అంది.

పకోడీ నా గొంతుకి అడ్డం పడింది. మంచినీళ్ళు తాగాను. అయినా అది ఇప్పటికీ దిగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

"నాకు చిన్నది చాలు." ఈ మాట మనం ఎన్నిసార్లు అని వుంటామో ఎప్పుడైనా లెక్కపెట్టుకున్నారా? విరిగిన అప్పడం మనది. మాడిన దోసె మనది. బీరువాలో కింది అర మనది. కారులో వెనక సీటు మధ్యలో, కాళ్ళు పెట్టుకోటానికి చోటు లేని జాగా మనది. ఎవరూ మెడ మీద కత్తి పెట్టి అనిపించటం లేదు. అడక్కముందే అనేస్తాం. అనేశాక అందులో ఓ పుణ్యం కూడా వున్నట్టు తృప్తిపడతాం. పందొమ్మిదేళ్ళ పిల్ల ఆ మాట అప్పుడే ఎంత సునాయాసంగా అందో చూశారా? పాఠం బాగానే వంటబట్టింది!

నాకు రోషం వచ్చింది. "ఏం వద్దు. ఆ అటక మీది పెద్దదే దింపండి. ఎవరూ వాడటం లేదు గదా, ఇదే వాడుకుంటుంది" అన్నాను. ఖర్చు లేని పని గనక అందరూ ఒప్పుకున్నారు. మగపిల్లాడికి కొన్నంతది ఆడపిల్లకి ఇప్పించానని ఆ రాత్రి నేను చాలా గర్వంగా పడుకున్నాను.

నా గర్వం నాలుగు రోజులు నిలిచింది.

ఐదోరోజు చూడటానికి వెళ్ళాను. ఆ పిల్ల వాళ్ళింట్లో కుట్టుమిషను బల్ల దగ్గర కూచుని వుంది. మిషను లోపలికి మడిచి, పైన పలక వేసి, దాని మీద లాప్‌టాప్ పెట్టుకుంది. పెద్ద ట్యాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుంది. అది 2017లో వచ్చిన వాకమ్ కంపెనీ వాళ్ళ ఇంట్యూస్ ప్రో పెద్దరకం. అంచులతో కలిపి 43 సెంటీమీటర్ల పొడుగు, దాదాపు 29 సెంటీమీటర్ల వెడల్పు, కిలోకి పైన బరువు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఓ చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గీస్తోంది. "ఎలా వుందే?" అంటే, "బావుందత్తయ్యా, భుజం కొంచెం లాగుతోంది" అంది. ఈ మూల నుంచి ఆ మూలకి పెన్ను తీసుకెళ్ళాలంటే చెయ్యి జానెడున్నర దూరం ప్రయాణం చెయ్యాలి. రంగు మార్చటానికో ప్రయాణం, కుంచె మార్చటానికో ప్రయాణం. ఈవిడగారి రోషానికి పాపం ఆ పిల్ల భుజం బలయింది!

మా మరిదికి కబురు తెలిసింది. ఫోను చేసి, "చెప్పానా వదినా? చిన్నదే చాలన్నానా?" అన్నాడు.

ఇక్కడే నాకు అసలైన పేచీ వుంది. పెద్దది సరిపోలేదు గనక చిన్నదే సరైనదని ఎవరు చెప్పారు? పదహారేళ్ళ పిల్లకి వాళ్ళమ్మమ్మ జాకెట్టు వదులైందని, రెండేళ్ళ పాప గౌను తొడుగుతామా?

అసలు ఈ సైజుల సంగతి కాస్త చూద్దాం. భయపడకండి, లెక్కలు నాకూ రావు. ఆర్ట్స్ చదివినదాన్ని. ఓ టేపు, ఓ పెన్సిలు పెట్టుకుని చూశాను, అంతే.

ముందుగా, అట్టపెట్టె మీద రాసిన కొలత చూసి మోసపోకండి. చీరకి పన్నా ఎంతో, అందులో అంచు ఎంతో వేరువేరుగా చూసుకుంటామా లేదా? అలాగే పలక మొత్తం కొలత వేరు, పెన్ను పనిచేసే చోటు వేరు. ఆ గీసే చోటే అసలు కొలత. 2018లో ఆ కంపెనీ వాళ్ళే తెచ్చిన మామూలు ఇంట్యూస్‌లో చిన్నదానికి గీసే చోటు 15.2 సెంటీమీటర్లు, 9.5 సెంటీమీటర్లు. అంటే మన పోస్టుకార్డుకి ఓ వేలిగోరంత ఎక్కువ. మధ్యరకానికి 21.6, 13.5. దస్తావేజు కాగితం కాదు గానీ, మామూలు ఏ-ఫోర్ కాగితాన్ని సగానికి మడిస్తే ఎంతో సుమారుగా అంత. మా అటక మీంచి దిగిన మహానుభావుడిది 31.1, 21.6. అంటే నిండు ఏ-ఫోర్ కాగితం కంటే కొంచెం పెద్దది. వేరే కంపెనీల వాటికి కొలతలు అటూ ఇటూ వుంటాయి. పది అంగుళాలకి ఆరుంపావు అంగుళాల రకం చాలామంది అమ్ముతున్నారు. కానీ పోస్టుకార్డు, సగం కాగితం, నిండు కాగితం అని గుర్తుపెట్టుకుంటే చాలు, ఏ షాపువాడూ మిమ్మల్ని తికమక పెట్టలేడు.

ఇప్పుడు తెర సంగతి. ఆ పిల్ల లాప్‌టాప్ 15.6 అంగుళాలది. ఆ అంగుళాలు మూల నుంచి మూలకి కొలిచినవి. అడ్డంగా కొలిస్తే తెర 34 సెంటీమీటర్లన్నర. పలక మీద ఎడం అంచు అంటే తెర మీద ఎడం అంచే. కుడి అంచు అంటే కుడి అంచే. కాబట్టి పోస్టుకార్డంత పలక మీద మీ చెయ్యి ఒక మిల్లీమీటరు వణికితే, తెర మీద గీత రెండుంపావు మిల్లీమీటర్లు వణుకుతుంది. మధ్యరకం మీదైతే ఒకటిన్నర పైన కొద్దిగా. పెద్దదాని మీద ఇంచుమించు ఎంతకంత. అదే 21.5 అంగుళాల పెద్ద తెర ముందు కూచుంటే, చిన్న పలక మీది వణుకు మూడింతలవుతుంది!

ఇప్పుడు చెప్పండి, ఎవరి చెయ్యి ఎక్కువ వణుకుతుంది? ఆరితేరినవాళ్ళదా, నిన్న మొదలుపెట్టినవాళ్ళదా?

"నేర్చుకునేవాళ్ళకి చిన్నది చాలు" అనే మాట తలకిందుల మాటని నేనంటున్నది ఇందుకే. మన పెద్దవాళ్ళకి ఈ సంగతి ఏనాడో తెలుసు. అక్షరాభ్యాసంనాడు ఏం చేస్తారు? పళ్ళెం నిండా బియ్యం పోసి, పిల్లాడి చెయ్యి పట్టుకుని, పళ్ళెమంత అక్షరం దిద్దిస్తారు. తరవాత పలక. పలక మీద నాలుగే అక్షరాలు పడతాయి. ఆ తరవాత నాలుగు గీతల కాపీ పుస్తకం, ఆ తరవాత ఒంటిగీత పుస్తకం. చెయ్యి కుదురుతున్నకొద్దీ అక్షరం తగ్గుతూ వస్తుంది. బియ్యపు గింజ మీద పేరు రాసేవాళ్ళున్నారు, నిజమే. వాళ్ళెవరూ బియ్యపు గింజ మీద అక్షరాభ్యాసం చెయ్యలేదు!

1964లో అమెరికాలో రాండ్ సంస్థ వాళ్ళు ఇలాంటి పలక ఒకటి తయారుచేస్తే, దాని మీద గీసే చోటు పది అంగుళాల చదరం. అప్పట్లో ఖరీదు 18,000 డాలర్లట. అంత ఖరీదు పెట్టి చేసేవాళ్ళకి పోస్టుకార్డంత చేసి వూరుకోవటం తెలియకనా? మనిషి చేతికి తిరగటానికి కొంత చోటు కావాలని గదా!

చెయ్యి అంటే గుర్తొచ్చింది. మణికట్టుతో గీసేవాళ్ళు వేరు, మోచేతితో గీసేవాళ్ళు వేరు. రాయటం అలవాటైన మనందరం మణికట్టు దగ్గరే ఆగిపోతాం. కానీ తెల్లారగట్ల వాకిట్లో ముగ్గు వేసే ఆవిడని చూడండి. పిండి వదిలేది రెండు వేళ్ళే, గీత లాగేది మాత్రం భుజం. నడుం దగ్గర్నుంచి వంగి, ఒక్క విసురులో ఇంత పొడుగు గీత లాగుతుంది. అందుకే ఆ గీత తొణకదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు వెదురుపుల్ల కలం పట్టుకుని బట్ట మీద గీస్తారు చూడండి, అక్కడా చెయ్యంతా కదలాల్సిందే. మన ఆడపిల్లలకి తరతరాలుగా వచ్చిన విద్య ఆ పొడుగు గీత. దాన్ని తీసుకొచ్చి పోస్టుకార్డులో కూచోపెట్టి, "ఇందులో సర్దుకో" అంటే, అది గీత నేర్పటమా, సర్దుకోవటం నేర్పటమా?

దీనికి మా మరిది దగ్గర జవాబుంది. "చిన్నదాని మీదైనా బొమ్మని జూమ్ చేసుకుని గీసుకోవచ్చు వదినా" అన్నాడు. చేసుకోవచ్చు. ముక్కు జూమ్ చేసుకుని ముక్కు గీసుకోవచ్చు. కన్ను జూమ్ చేసుకుని కన్ను గీసుకోవచ్చు. చివరికి మొత్తం చూసుకుంటే కన్ను చెవి దగ్గర వుంటుంది. కొత్తవాళ్ళకి అసలు కావల్సింది బొమ్మ మొత్తం ఒక్కసారి కంటికి ఆనటం. మరో మాట కూడా అన్నాడు. పేరున్న చిత్రకారులు చాలామంది చిన్న పలక మీదే పని చేస్తారట. చెయ్యనీండి, కాదన్నదెవరు? చేయి తిరిగిన వంటమనిషి ఒక్క గిన్నెతో విందు చేస్తుంది. కొత్తకోడలికి ఒక్క గిన్నె ఇచ్చి వంద మందికి వండమనం గదా.

అలా అని చిన్నదంటే నాకు కోపమేం లేదు. ఆన్‌లైన్లో పాఠాలు చెప్పే టీచరమ్మకి, లెక్కలు రాసి చూపించటానికి చిన్నది హాయి. ఫోటోల్లో మచ్చలు దిద్దుకునేవాళ్ళకి అదే మేలు. రోజూ బస్సులో కాలేజీకి సంచిలో వేసుకెళ్ళాలన్నా, హాస్టల్లో మంచం మీదే ప్రపంచమంతా నడపాలన్నా చిన్నదే కొనుక్కోండి. పై లెక్క చూస్తే తెలుస్తుంది, లాప్‌టాప్ ముందు చిన్న పలకా, పెద్ద తెర ముందు మధ్యరకం పలకా దాదాపు ఒకటే పాటు. ఫోనుకి తగిలించుకుని గీసేవాళ్ళూ వున్నారు. అయితే ఫోను నిలువుగా పెడితే చాలా పలకల్లో కొంతమేరే పనిచేస్తుంది. అది చూసుకుని మరీ కొనాలి. నా కోపం చిన్నదాని మీద కాదు, "దానికి" అన్న మాట మీద. వస్తువుని కొలవకుండా మనిషిని కొలవటం మీద.

మధ్యలో మా అత్తగారి సంగతి చెప్పాలి. చిన్నది ఎలా వుంటుందో చూద్దామని ఆ పిల్ల స్నేహితురాలిది ఓ రెండు రోజులకి ఎరువు తెచ్చాం. ఆవిడ ముచ్చటపడి పెన్ను పట్టుకున్నారు. ఆ పెన్నుకి బ్యాటరీ వుండదు, పలకే దానికి శక్తినిస్తుంది అంటే, "అయితే ఖర్చు లేదు" అని మరింత సంతోషించారు. చుక్క చుట్టూ సున్నా చుట్టారు. తెర మీద సున్నా కాస్తా దోసకాయలా సాగింది. మళ్ళీ చుట్టారు. మళ్ళీ దోసకాయే. మాకందరికీ నవ్వొచ్చింది. "డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చాయి, చెయ్యి వణుకుతోంది అమ్మమ్మా" అంది మనవరాలు.

"నా చెయ్యి వణికితే గీత వణుకుతుంది గానీ సున్నా సాగుతుందిటే? వంకర నాది కాదు, నీ పలకది" అన్నారావిడ, పెన్ను కింద పెట్టేసి.

ఎంత మాటన్నారు! అక్షరాలా అదే నిజం. ఆ పలక పొడుగు వెడల్పుల నిష్పత్తి తెర నిష్పత్తితో కలవదు. పలక పదహారుకి పది, తెర పదహారుకి తొమ్మిది. తెర నిండా సాగదీసేసరికి గీత అడ్డంగా పదో వంతు ఎక్కువ సాగుతోంది. సెట్టింగుల్లో 'ఫోర్స్ ప్రపోర్షన్స్' అని ఒకటుంటుంది. అక్కడ టిక్కు పెడితే సున్నా సున్నాలా వస్తుంది. దానికి మూల్యంగా పలక కింద ఓ సెంటీమీటరు పట్టీ పనికిరాకుండా పోతుంది. అంటే తొమ్మిదిన్నర సెంటీమీటర్ల పలకలో మిగిలేది ఎనిమిదిన్నరే. పోస్టుకార్డులోనూ కత్తిరింపే! ఈ సంగతి తెలియక ఎంతమంది ఆడపిల్లలు "నాకు చెయ్యి తిరగదు" అనుకుని పెన్ను మూల పారేశారో! మా అత్తగారిలా "వంకర నాది కాదు" అనే ధైర్యం ఎంతమందికుంటుంది?

మా అమ్మ గుర్తొచ్చింది నాకు. వారపత్రికల్లో బాపు బొమ్మలు పడితే కత్తిరించి దాచేది. కార్బన్ కాగితం పెట్టి దిండు గలేబుల మీదికి దించేది, దారంతో నింపేది. ఆ జడ, ఆ నడుం వంపు అంత బాగా దించేది గదా, కాగితం మీద సొంతంగా ఓ బొమ్మ వెయ్యవేమే అమ్మా అంటే, "ఎక్కడ కూచుని వెయ్యను?" అనేది. అప్పుడు నాకర్థం కాలేదు. ఏదో తప్పించుకోటానికి అంటోందనుకున్నాను.

ఎక్కడ కూచుని?

ఆ ప్రశ్నే నన్ను మళ్ళీ కుట్టుమిషను దగ్గరికి తీసుకెళ్ళింది. ఈసారి టేపు తీసుకెళ్ళాను. బల్ల లోతు 16 అంగుళాలు, అంటే 40 సెంటీమీటర్ల పైన ఓ అర. లాప్‌టాప్ లోతు 24 సెంటీమీటర్లు. దాని ముందు పెద్ద పలక పెట్టాలంటే 53 కావాలి. మధ్యరకం, అంచులతో కలిపి 20, పెట్టాలంటే 44 కావాలి. చిన్నది 16. ఇరవైనాలుగూ పదహారూ నలభై. సరిగ్గా సరిపోయింది! ఓ అర సెంటీమీటరు మిగిలింది కూడా!

చూశారా విశేషం? పంచాయితీ మేం పెట్టామనుకున్నాం గానీ, తీర్పు ఆ బల్ల ముందే ఇచ్చేసింది. ఆ పిల్లకి ఆ ఇంట్లో ఎంత చోటుందో అంత పలకే పడుతుంది. పలక పక్కకి పెట్టుకుంటే పోదా అంటారేమో. మౌసు లాగా పక్కన పెట్టుకుంటే చెయ్యో వైపు, మెడో వైపు తిరిగి వుంటాయి. పలక తెరకి ఎదురుగా, తిన్నగా వుండాలి. లేకపోతే మీరు తిన్నగా గీసిన గీత తెర మీద ఏటవాలుగా పోతుంది.

ఇంతకీ ఆ ఇంట్లో బల్ల లేదా? వుంది! నాలుగడుగుల పొడుగు, రెండడుగుల లోతు, టేకు బల్ల. లోపలి గదిలో, కిటికీ పక్కన, మంచి వెలుతురులో వుంది. అది ఆ పిల్ల అన్నది. అతను ఇంజినీరింగు చదువుతూ హాస్టల్లో వుంటాడు. సంక్రాంతికీ, వేసవికీ వస్తాడు. మిగతా రోజుల్లో ఆ బల్ల మీద పాత ఎంట్రన్సు పుస్తకాలు, ఓ క్రికెట్టు కప్పు, దుప్పటి కప్పిన కీబోర్డు వుంటాయి. నేను వెళ్ళిన రోజున దాని మీద అప్పడాలు ఆరబెట్టి వున్నాయి.

"ఈ బల్ల మీద పెట్టుకోవచ్చు గదా ఇది?" అన్నాను మా ఆడపడుచుతో.

"అయ్యో, అది వాడిది వదినా. వాడొస్తే చదువుకోవద్దూ?"

"ఏడాదికి ఇరవై రోజులు వుంటాడు."

"అయినా వాడిది గదా."

అప్పడాలకి చోటుంది. ఇంట్లో లేని కొడుక్కి చోటుంది. ఇంట్లో వున్న కూతురు కుట్టుమిషను మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచి... తల్లికి జాకెట్టు కుట్టాల్సి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల బొమ్మ సగంలో లేచి పోవాలి. మా ఆడపడుచు చెడ్డది కాదండీ. కూతురంటే ప్రాణం. జ్వరమొస్తే రాత్రంతా కూచుంటుంది. కానీ కూతురికి నాలుగడుగుల బల్ల కావచ్చునన్న ఆలోచన ఆవిడ బుర్రలోకి రాదు. ఆవిడకీ ఏనాడూ లేదు గనక. నిజం ఒప్పుకుంటాను, నాకు మాత్రం ఎక్కడిది? పదకొండు నవలలు డైనింగు టేబిలు మీద రాశాను, కంచాలు తీశాక మొదలుపెట్టి, కంచాలు పెట్టేవేళకి ఎత్తేసి. "రచయిత్రిగారి రైటింగ్ టేబిలు ఫోటో కావాలి" అని ఓ పత్రికవాళ్ళు అడిగితే, మావారి బల్ల తుడిచి ఫోటో తీయించుకున్నదాన్ని!

ఆ వేళ మా వదినామరదళ్ళ మధ్య కొంచెం మాటా మాటా వచ్చింది. అదంతా రాయను. రాస్తే ఆవిడ చదువుతుంది. ఆఖరికి, "సరే, వాడొచ్చేదాకా వాడుకోనీ" అంది. ఇద్దరం కలిసి అప్పడాలు ఎత్తి గచ్చు మీదికి మార్చాం.

అప్పుడు ఆ పిల్లని కూచోబెట్టి, పాత పేపర్లు తెప్పించాను. జాకెట్టు కుట్టేముందు కాగితం కత్తిరించి చూసుకోమా? కొలత జాకెట్టు లేకుండా దర్జీకి గుడ్డ ఇస్తామా? వేల రూపాయల వస్తువుకి ఆపాటి జాగ్రత్త ఎందుకుండకూడదు? చిన్నది 20కి 16, మధ్యరకం 26కి 20, అంచులతో సహా రెండు కాగితాలు కత్తిరించాం. లోపల గీసే చోటు పెన్సిలుతో గీత గీశాం. బల్ల మీద లాప్‌టాప్ ముందు ఒకదాని తరవాత ఒకటి పరిచాం. "రోజూ ఎలా వేస్తావో అలా వెయ్యి" అన్నాను. వట్టి పెన్సిలుతో, కాగితం మీద.

చిన్నదాని మీద ఆ పిల్ల చెయ్యి మూడుసార్లు గీత దాటి బయటికి పోయింది. పోయినప్పుడల్లా, "సారీ అత్తయ్యా" అంది. ఎవరికి సారీనో!

మధ్యరకం మీద దాటలేదు. మోచెయ్యి బల్ల మీద ఆనింది, భుజం వదులైంది. పది నిమిషాలు నన్ను మరిచిపోయింది. వాళ్ళ నాయనమ్మ పాత ఫోటోలోంచి ఓ చెవి, చెవికి దుద్దు, దుద్దు కింద వేలాడే మాటీలు వేసింది. బాగా వచ్చిందని అనను, మాటీ వంకరపోయింది. కానీ చెవి దగ్గర్నుంచి మెడ మీదుగా భుజం దాకా ఒక్క గీత లాగింది చూడండి, ఆ గీత మాత్రం ఎక్కడా ఆగలేదు.

పెద్దదే కొని, పలకలో సగం మేరే పనిచేసేలా సెట్టింగు పెట్టుకోవచ్చు గదా అని ఆఖరి అస్త్రంగా మా మరిది అన్నాడు. పెట్టుకోవచ్చు, ఆ సౌకర్యం వుంది. చిన్నదాన్ని పెంచలేం గానీ పెద్దదాన్ని తగ్గించుకోగలం. కానీ పలక తగ్గదు గదా, గీసే చోటే తగ్గుతుంది. ఆ కిలో పైచిలుకు బరువూ, ఆ బారెడు చట్టమూ బల్ల మీద అలాగే కూచుంటాయి. అది మళ్ళీ అటక ఎక్కింది. వాళ్ళబ్బాయి దాన్ని ఎందుకు వదిలేశాడో తెలుసా? ఈమధ్య ఆ పిల్లాణ్ణే అడిగాను. "నాకు బొమ్మలు ఇష్టం లేదు పెద్దమ్మా, నాన్న కొన్నాడు" అన్నాడు. ఆ ఇంట్లో వాడి చెయ్యీ ఎవరూ కొలవలేదు.

కొనటానికి నేనే వెళ్ళాను. ఏ షాపో చెప్పను. కౌంటరు వెనకాల కుర్రాడు మర్యాదస్తుడే, "కూర్చోండి మేడమ్" అన్నాడు. చిన్నదానికీ మధ్యరకానికీ తేడా రెండు వేల లోపే వుంది. మా ఇళ్ళల్లో పెళ్ళికి పెట్టే ఓ మోస్తరు చీరకి ఫాల్సూ, పీకో, జాకెట్టు కుట్టుకూలీ కలిపితే అంత అవుతుంది.

"ఎవరికి మేడమ్? బాబుకా?"

"మా మేనకోడలికి."

"నేర్చుకుంటున్నారా? అయితే ఇది చాలు మేడమ్" అని, నేనేమీ అనకముందే, పై అరలోంచి చిన్నపెట్టె తీసి నా ముందు పెట్టాడు. "లేడీస్ అందరూ ఇదే తీసుకుంటారు."

నేను కుర్చీ ముందుకి లాక్కుని, హ్యాండ్‌బ్యాగులోంచి నాలుగు మడతలు పెట్టిన పాత పేపరు తీసి, మడతలు విప్పి, అతని గాజుబల్ల మీద పరిచాను.